మరణానంతర సంతానోత్పత్తి: సైనికుని సమ్మతి, కుటుంబ ఆకాంక్ష

ఉపోద్ఘాతం

మరణించిన పురుషుని శుక్రకణాలతో సంతానాన్ని పొందే ప్రక్రియను మరణానంతర సంతానోత్పత్తి అంటారు. ఇందుకు రెండు మార్గాలున్నాయి. మొదటిది, జీవించి ఉండగానే వీర్యాన్ని అతిశీతల స్థితిలో భద్రపరచడం. రెండవది, మరణించిన కొద్ది గంటలలోనే దేహం నుండి శుక్రకణాలను సేకరించడం. మొదటి మార్గంలో వ్యక్తి నిర్ణయం కొంతైనా తెలుస్తుంది. రెండవ మార్గంలో దానిని ఇతరులు ఊహించవలసి ఉంటుంది. మృత్యువు పొంచి ఉండే సైనిక వృత్తిలో ఈ భేదం కీలకమైనది.

ఇజ్రాయిల్: ఊహించిన సమ్మతి

ఇజ్రాయిల్‌లో అటార్నీ జనరల్ 2003లో జారీ చేసిన మార్గదర్శకాలు భార్య లేదా సహచరి కోరితే శుక్రకణాల సేకరణకు అవకాశమిచ్చాయి. జీవితాన్ని పంచుకున్న స్త్రీ తన మరణానంతరమైనా తన బిడ్డకు తల్లి కావాలని పురుషుడు కోరుకుంటాడన్నదే వీటికి ఆధారమైన భావన. మార్గదర్శకాలు తల్లిదండ్రులకు ఈ హక్కు ఇవ్వలేదు. అయినా 2002లో గాజాలో మరణించిన ఒక అవివాహిత సైనికుని విషయంలో, 2007లో న్యాయస్థానం తల్లిదండ్రుల అభ్యర్థనను ఆమోదించింది. 2023 అక్టోబరు 7 దాడుల తరువాత, కోర్టు ఉత్తర్వు లేకుండానే తల్లిదండ్రుల కోరికపై సేకరణ జరిపే వెసులుబాటు ఏర్పడింది. అయితే సేకరణకు లభించిన అనుమతి వినియోగానికి అనుమతి కాదు.

ఉక్రెయిన్: ముందే చేసిన నిల్వ

ఉక్రెయిన్‌లో చర్చ మరో దిశలో సాగింది. సైనికుల బీజకణాలను ప్రభుత్వ వ్యయంతో భద్రపరిచే చట్టం 2023లో ఆమోదం పొందింది. దాత మరణిస్తే నిల్వను నాశనం చేయాలన్న నిబంధన తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొన్నది. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని సవరించి, మరణానంతరం 3 సంవత్సరాల పాటు నిల్వ కొనసాగేందుకు వీలు కల్పించింది.

భారతీయ సందర్భం

సహాయక పునరుత్పత్తి సాంకేతికతల చట్టం, 2021 లిఖితపూర్వక సమ్మతిని తప్పనిసరి చేసింది. క్యాన్సర్ చికిత్సకు ముందు వీర్యాన్ని భద్రపరచి మరణించిన ఒక అవివాహిత యువకుని విషయంలో, ఆ నిల్వను తల్లిదండ్రులకు అప్పగించాలని ఢిల్లీ హైకోర్టు 2024 అక్టోబరులో ఆదేశించింది. ఇది సైనికునికి సంబంధించిన తీర్పు కాకపోయినా, వంశం నిలవాలన్న ఆకాంక్ష న్యాయస్థానం వరకు చేరిన తీరుకు నిదర్శనం.

ముగింపు

వీర్యాన్ని భద్రపరచుకున్న ప్రతి సైనికుడూ తన మరణానంతరం బిడ్డ పుట్టాలని కోరుకున్నట్లు భావించలేము. గాయపడితే సంతానయోగ్యత కోల్పోతానన్న భయంతోనే అతడు ఆ పని చేసి ఉండవచ్చు. కనుక నిల్వ సమయంలోనే మూడు ప్రశ్నలకు అతని నుండి లిఖితపూర్వక సమాధానం పొందాలి: మరణిస్తే నిల్వను ఉంచాలా? ఎవరు వినియోగించవచ్చు? ఎంతకాలం లోపల? తల్లిదండ్రుల దుఃఖం గౌరవనీయమే. కానీ అది కుమారుని మౌనాన్ని సమ్మతిగా మార్చలేదు.