లంకెబిందె కాదు, సమాధి కుండ

చింతూరు దగ్గర మా చేలో ఓ వేసవిలో దుక్కి దున్నుతుంటే నాగలికర్రుకి ఏదో ఠంగుమని తగిలింది. "లంకెబిందెరా!" అన్నాడు మా పెదనాన్న. గునపంతో పగలగొడితే లోపల మన్నూ, నాలుగు ఎముక ముక్కలూను. పెంకులు గట్టున పారేసి ఊరుకున్నాం. నాకప్పుడు పదేళ్లు. ఆ పెంకు లోపల నలుపు, బయట ఎరుపు. అలా ఎందుకుందో డిగ్రీలో చేరాక గాని తెలియలేదు.

దక్కనులో ఇనుము వాడకం వ్యాపించిన కాలంలో, రమారమి క్రీ.పూ. 1200 నుంచి క్రీస్తుశకం తొలినాళ్ల వరకు, చనిపోయినవారి అస్థికల పక్కన కుండలు, ఇనప పనిముట్లు ఉంచి, పైన పెద్ద పెద్ద రాళ్లు పేర్చేవారు. వీటినే జనం రాకాసి గుళ్లంటారు. కడప జిల్లా శంకవరంలోనైతే పొట్టేలు తల ఉన్న మట్టి శవపేటికే దొరికింది. మాకు దగ్గర్లో, గోదావరి అవతల వేలేరుపాడు మండలం రుద్రమకోటలోనూ ఇలాంటి సమాధులున్నాయి. పోలవరం ముంపులో పోతాయని 2017 ప్రాంతంలో పురావస్తు శాఖ వాటిని తవ్వించింది.

ఇక రంగు సంగతి. మట్టిలో ఇనుము ఉంటుంది. కాలేటప్పుడు గాలి బాగా తగిలితే అది ఫెర్రిక్ ఆక్సైడుగా మారి కుండ ఎర్రబడుతుంది. కుండను బోర్లించి, మూతిని ఊకలోనో ఆకుల్లోనో కప్పి కాలిస్తే లోపలికి గాలి చొరదు. అక్కడ క్షయకరణం జరుగుతుంది, పొగమసి మట్టిలోకి ఇంకి నల్లబడుతుంది. ఒకే కుండ, ఒకే ఆవం, రెండు రంగులు! జపానులో క్రీ.శ. 5వ శతాబ్దం నుంచి సమాధుల్లో ఉంచిన 'సుఎ' పాత్రలదీ ఈ రసాయనమే. వెయ్యి డిగ్రీలు దాటిన బట్టీకి గాలి ఆపేస్తే అవి బూడిదరంగు తేలేవి.

చావుకీ కుండకీ ఉన్న ముడి మన ఊళ్లలో ఇంకా తెగలేదు. పాడె ముందు నిప్పుకుండ నడుస్తుంది. చితి చుట్టూ తిరుగుతూ నీళ్లకుండకు చిల్లులు పెట్టి, వెనక్కి చూడకుండా పడేస్తాం. మా మన్యంలో పోయిన పెద్దల పేర కోయవారు రాళ్లు నిలబెడతారు.

రైతుబిడ్డలైన మిత్రులకు ఒక్క మనవి. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లకు చెప్పండి. నాగలికో ట్రాక్టరుకో కుండ తగిలితే పగలగొట్టొద్దు. తహసీల్దారుకు కబురు చేయండి. కుండ ఏ లోతున ఉంది, పక్కన ఏముంది, లోపల ఏముంది అన్నవన్నీ కలిస్తేనే కాలం తేలుతుంది. మేము గట్టున పారేసిన పెంకులకు ఆ లెక్క ఇక దొరకదు.