శిక్షణ లేని సమానత్వము

కొలువునం దందఱును సమానులే యని శాసనము వ్రాయుట సులభము. ఆ కొలువునకు వలసిన విద్యను అందఱకును సమముగ నేర్పుట కష్టము. మొదటిది చేసి రెండవది మఱచిన ప్రభుత్వముగాని యజమానిగాని సమానత్వము నిచ్చినట్లు కాదని మా యభిప్రాయము.

ఈ కపటమును మన మాంగ్లప్రభుత్వమువారి పాలనలో చిరకాల మనుభవించితిమి. ఉద్యోగములకు మతము, జన్మస్థానము, వర్ణము అడ్డుగావని 1833 సంవత్సరపు చార్టరు చట్టము పలికెను. 1855లో సివిలు సర్వీసు పోటీపరీక్ష మొదలయ్యెను. కాని యది లండనులోనే జరిగెడిది. సముద్రము దాటిపోయి యందు గెలిచిన మొదటి భారతీయుడు సత్యేంద్రనాథ ఠాకూరు, అది 1863. పిమ్మట వయఃపరిమితిని 21 ఏండ్లనుండి 19కి దించిరి. ఆ పరీక్ష మన దేశమున 1922లో గాని మొదలు కాలేదు. తలుపు తెఱచియే యుండెను. మెట్లు మాత్రము తీసివేయబడెను.

దొరలు వెడలిపోయిరి, ఆ యలవాటు వెడలినదా? మన సైన్యమున వైద్యశాఖలకు వెలుపల స్త్రీలను అధికారులుగ చేర్చుకొనుట 1992లో ఆరంభమయ్యెను. పెక్కు శాఖలలో వారిది పరిమితకాలపు కొలువే. ఆ భేదము చెల్లదని 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతట వారి యర్హతను పరీక్షించిరి. ఏ కొలతతో? వీరికి ముందుగతి లేదుగదా యను తలంపుతో పూర్వ ముదాసీనముగ వ్రాసిన వార్షిక నివేదికలతో! తొలి యేండ్ల కొలువునే చూచి, ఆపై గడించిన ప్రావీణ్యమును విడిచిరి. కాళ్లు కట్టివేసి పరుగెత్తుమనుట యిదియే. పైకి సమానముగ దోచు నీ పద్ధతి పరోక్షవివక్ష యని 2021 మార్చి 25న అదే న్యాయస్థానము నిర్ణయించెను.

ఆ సంవత్సరమే నేషనల్ డిఫెన్సు అకాడమీ ప్రవేశపరీక్షకు యువతులను అనుమతింపుడని ఆజ్ఞయైనది. 2022లో చేరి మూడేండ్లు శిక్షణ పొందిన 17గురు యువతులు 2025 మే నెలలో పట్టములతో వెలువడిరి. తీర్పులకంటె నీ వార్తయే మాకు మిక్కిలి సంతోషము గూర్చినది. మొక్కై వంగనిది మానై వంగునా యందురు. ఇచట మొక్కనాడే యందఱకు నొకే నీరు పోయబడినది.

ఈ ధర్మము సైన్యమునకే పరిమితము కాదు. మన బియ్యపుమిల్లులలో, అచ్చుకూటములలో, అంగళ్లలో జరుగుచున్న దేమి? నిన్న వచ్చిన బంధువుల కుఱ్ఱవానికి జమాఖర్చులు నేర్పుదుము. పదియేండ్లుగ మూటలు మోయువాని సంగతి వచ్చినప్పుడు "వానికేమి తెలియును?" అందుము. నేర్పనిది తెలియుట యెట్లు? నేర్పకపోవుట మన దోషము; తెలియకపోవుట వాని దోషమని తీర్పు చెప్పుట అన్యాయము. 1961లో అప్రెంటిసుల చట్టము వచ్చినది; కాని చట్టము తొక్కని గడపలు పెక్కులు గలవు.

కొలువిచ్చు పాఠకమహాశయులకు మా మనవి యొక్కటే. ఒకనిని అసమర్థుడని త్రోసివేయుటకు ముందు, వానికి నేర్పినదెవరు, ఎన్నడని తమ్ము తామే ప్రశ్నించుకొందురుగాక! ఆ ప్రశ్నకు సమాధానము లేనిచోట సమానత్వమను మాట గోడమీది వ్రాతయే.