కోవిడ్ నియంత్రణ చర్యలు – రుతుసంబంధ ఫ్లూ వ్యాప్తిపై వాటి ప్రభావం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• కోవిడ్ కాలంలో ఫ్లూ ఎందుకు దాదాపు కనుమరుగైందో పునరుత్పత్తి సంఖ్య ఆధారంగా వివరించగలరు.
• ఆంక్షలు సడలించాక ఎదురైన పరిణామాలను చర్చించగలరు.

1. పరిచయం

దక్షిణార్ధగోళంలో ఫ్లూ (ఇన్‌ఫ్లుయెంజా) సాధారణంగా జూన్ నుంచి ఆగస్టు వరకు ఉండే చలికాలంలో విజృంభిస్తుంది. 2020లో అలా జరగలేదు. ఆస్ట్రేలియా, చిలీ, దక్షిణాఫ్రికాల్లో 2017–2019 మధ్య ఏప్రిల్–జులై నెలల్లో పరీక్షించిన 1,78,690 నమూనాల్లో 24,512 (13.7 శాతం) ఫ్లూ పాజిటివ్‌గా తేలాయి. 2020లో అవే నెలల్లో పరీక్షించిన 83,307 నమూనాల్లో పాజిటివ్‌గా తేలినవి 51 మాత్రమే (0.06 శాతం).

జనం ఆసుపత్రులకు వెళ్లకపోవడం వల్ల కేసులు బయటపడలేదేమో అన్న సందేహం మీకు కలగవచ్చు. పరీక్షలు తగ్గితే కేసుల సంఖ్య తగ్గుతుంది. కానీ పరీక్షించిన నమూనాల్లో పాజిటివ్ శాతం ఇంతగా పడిపోవడానికి అదొక్కటే కారణం కాలేదు. పైగా సాధారణ జలుబు కలిగించే రైనోవైరస్ అదే కాలంలో కొనసాగింది. కాబట్టి తగ్గుదల నిజమైనదే.

2. ఫ్లూ తగ్గి, కోవిడ్ తగ్గకపోవడానికి కారణం

ఒక రోగి నుంచి సగటున ఎంతమందికి వ్యాధి సోకుతుందో తెలిపేదే పునరుత్పత్తి సంఖ్య. అది 1 కంటే ఎక్కువైతే వ్యాధి పెరుగుతుంది. తక్కువైతే క్రమంగా ఆరిపోతుంది. రుతుసంబంధ ఫ్లూకు ఇది సుమారు 1.3. గతంలో సోకిన ఫ్లూ వల్ల, టీకాల వల్ల చాలామందికి కొంత రోగనిరోధక శక్తి ఉండటం దీనికి ఒక కారణం. కోవిడ్ వైరస్ అందరికీ కొత్తది; తొలి రోజుల్లో దాని విలువ 2 నుంచి 3 వరకు ఉండేది.

ఉదాహరణ: ఆంక్షల వల్ల వ్యాప్తి అవకాశాలు సగానికి తగ్గాయనుకుందాం.
• ఫ్లూ: 1.3లో సగం 0.65. 100 మంది రోగుల నుంచి 65 మందికి, వారి నుంచి సుమారు 42 మందికి, తరవాత 27 మందికి సోకుతుంది. గొలుసు తెగిపోతుంది.
• కోవిడ్: 2.5లో సగం 1.25. 100 మంది నుంచి 125 మందికి, వారి నుంచి 156 మందికి సోకుతుంది. వేగం తగ్గినా వ్యాప్తి ఆగదు.

అంటే ఒకే చర్య ఒక వ్యాధిని అణచివేసి, మరొకదాన్ని నెమ్మదింపజేయగలదు.

3. ఏ చర్య ఎంత పనిచేసింది?

బడులు మూసివేయడంతో, ఫ్లూను ఎక్కువగా వ్యాపింపజేసే పిల్లల మధ్య సంపర్కం తగ్గింది. విమానాలు నిలిచిపోవడంతో ఒక అర్ధగోళం నుంచి మరొకదానికి వైరస్ చేరే దారి మూసుకుపోయింది. మాస్కులు, భౌతిక దూరం తుంపర్ల ద్వారా వ్యాప్తిని తగ్గించాయి. ఇవన్నీ దాదాపు ఒకేసారి అమలైనందువల్ల ఒక్కొక్కదాని వాటాను విడదీసి చెప్పడం కష్టం.

4. తరవాతి పరిణామాలు

ఫ్లూ సోకని కాలంలో జనంలో దానిపై నిరోధక శక్తి సన్నగిల్లింది. ఆ రెండేళ్లలో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఫ్లూ వైరస్‌తో పరిచయమే లేదు. ఆంక్షలు సడలాక, 2022లో ఆస్ట్రేలియాలో ఫ్లూ మామూలుకంటే ముందే విజృంభించింది. మన దేశంలో 2023 తొలి నెలల్లో హెచ్3ఎన్2 రకం కేసులు పెరిగాయి.

మరో పరిణామం శాశ్వతం కావచ్చు. బి/యమగాటా అనే ఫ్లూ వంశం 2020 మార్చి తరవాత నిర్ధారితంగా కనిపించలేదు. అందువల్ల దాన్ని టీకాలో చేర్చనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 సెప్టెంబరులో సూచించింది.

5. సారాంశం

నియంత్రణ చర్యలు పునరుత్పత్తి సంఖ్యను 1 కంటే దిగువకు తేవడంతో ఫ్లూ అణగిపోయింది. అయితే ఆంక్షలు నిరోధక శక్తిని ఇవ్వవు. అందుకే వాటిని సడలించే సమయంలో వృద్ధులకు, గర్భిణులకు, చిన్న పిల్లలకు, దీర్ఘకాలిక రోగులకు ఫ్లూ టీకా మరింత ముఖ్యమవుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పునరుత్పత్తి సంఖ్య 1.6 ఉన్న వ్యాధి ఆగాలంటే వ్యాప్తి అవకాశాలు కనీసం ఎంత శాతానికి మించి తగ్గాలి? (జవాబు: 37.5 శాతం)
2. ఆంక్షల తరవాత ఫ్లూ తిరిగి విజృంభించడానికి కారణాలు రాయండి.