వార్తల్లో పదం: ఐసా

బ్రిటన్‌లో వడ్డీ, డివిడెండు, షేర్ల లాభాలపై పన్ను పడని పొదుపు ఖాతా ఇది. 1999లో వచ్చింది. ఏడాదికి 20,000 పౌండ్ల దాకా వేసుకోవచ్చు. 65 ఏళ్లలోపు వారికి క్యాష్ ఐసా పరిమితిని 2027 ఏప్రిల్ నుంచి 12,000కు తగ్గిస్తామని ప్రభుత్వం ప్రకటించడంతో, ఏ రకం తెరవాలన్న చర్చ ఊపందుకుంది.

రెండు మూడేళ్లలో అవసరపడే డబ్బుకు క్యాష్ ఐసాయే మేలు. ఎక్కువకాలం ఆగగలిగితే షేర్ల ఐసా. ఆచితూచి తెరవాల్సింది లైఫ్‌టైమ్ ఐసా. 4,000 పౌండ్లు వేస్తే సర్కారు మరో 1,000 కలుపుతుంది. తొలి ఇంటికో, 60 ఏళ్లు నిండాకో కాకుండా మధ్యలో తీస్తే మాత్రం సాధారణంగా 25 శాతం కోత. 5,000లో చేతికొచ్చేది 3,750. సొంత సొమ్ములోనే 250 పోతుంది!

అక్కడి తెలుగువారికో మాట: తిరిగొచ్చి భారత్‌లో పూర్తిస్థాయి నివాసి అయ్యాక, ఐసా లాభాలకు ఇక్కడ పన్ను మినహాయింపు లేదు.