చలికాలమున ఇంటి మొక్కలు

కొబ్బరినూనె సీసాలో పేరుకొన్న నాటినుండి నల్లగొండ, పాలమూరు ప్రాంతముల ఇండ్లలో ఒక ప్రశ్న వినవచ్చును: "నిన్నటిదాక పచ్చగా నున్న మొక్క ఇట్లు వాలిపోయినదేమి?" అది వసారాలోని క్రోటన్ కావచ్చును, కిటికీకి ప్రాకిన మనీప్లాంటు కావచ్చును, పెరటి తమలపాకు తీగ కావచ్చును. తులసి అయినచో ఆ ప్రశ్నలో దిగులు కూడ కలియును. తులసి ఎండుట ఇంటికి కీడని భయపడు ఇల్లాండ్రు నేటికిని ఉన్నారు. ఆ దిగులును నవ్వి త్రోసివేయుటకంటె తులసి యెందుకు వాడినదో తెలిసికొనుట మేలు.

మన వైపు నీరు గడ్డకట్టునంతటి చలి రాదు. సముద్రమట్టమునకు సుమారు 500 మీటర్ల ఎత్తున నున్న మహబూబ్‌నగరులో పుష్యమాసపు రాత్రులు సాధారణముగా 15 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపులలో నుండును. కొన్ని రాత్రులు 10 డిగ్రీలకు, ఒక్కొక్కప్పుడు అంతకు తక్కువకు దిగును. గడ్డకట్టుటకు ఇంకను ఎంతో దూరమున్నది. మరి మొక్కకు చేటేల? ప్రాగ్ నగరమున ఆచార్యుడుగా నుండిన హాన్స్ మోలిష్ అను వృక్షశాస్త్రజ్ఞుడు 1897లో ఈ రెండింటిని విడదీసి చెప్పెను. గడ్డకట్టి చచ్చుట వేరు, గడ్డకట్టకయే చలికి జబ్బుపడుట వేరు. రెండవదానికి ఆయన తన జర్మను భాషలో జలుబునకు వాడు మాటనే పేరుగా పెట్టెను. ఈయనయే 1928-29 ప్రాంతమున కలకత్తాకు వచ్చి, జగదీశ చంద్ర బోసు స్థాపించిన పరిశోధనాలయమున కొన్ని నెలలు పనిచేసెను.

మొక్కకు జలుబు చేయు తీరు కొబ్బరినూనె సీసాలోనే కొంత కనబడును. అదే అలమరలో నువ్వులనూనె ఎప్పటివలె జారుచుండగా, కొబ్బరినూనె 24 డిగ్రీల దిగువకు రాగానే పేరుకొనును. క్రొవ్వులన్నియు ఒక్క తీరువి కావు. మొక్కలోని ప్రతి జీవకణమును క్రొవ్వుతో నేసిన పలుచని పొర యొకటి చుట్టియుండును. రావలసినదానిని రానిచ్చి, పోగూడనిదానిని ఆపునది ఆ పొరయే. చామంతి, గులాబి వంటి మొక్కలలో అది చలియందును మెత్తగా నుండును. కాని మనీప్లాంటు పుట్టిల్లు పసిఫిక్ సముద్రములో తాహితి చెంతనున్న మూరియా దీవి. క్రోటన్ పుట్టిల్లు మలయా, మొలక్కా దీవుల వైపు. చలి యెరుగని ఇట్టి సీమల మొక్కలలో చాలవాటికి 10, 12 డిగ్రీల దిగువన ఆ పొర బిగుసుకొని, లోని లవణములను బయటికి కారనిచ్చును. 1970లో లయన్స్, రైసన్ అను శాస్త్రజ్ఞులు చెప్పిన మాట యిది. పొర యొక్కటే కారణమా అని తరువాత వాదములు నడచినవి. అయినను 1992లో జపానుకు చెందిన మురాటా బృందము పొగాకు మొక్కలో గుమ్మడి జాతి జన్యువును చేర్చగా దాని చలి ఓర్పు తగ్గినది. ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్క జన్యువును చేర్చగా పెరిగినది. పొరలోని క్రొవ్వును మార్చు జన్యువులే అవి.

ఆకు మీది దెబ్బ కంటికి కనబడును. వేరు సంగతి కనబడదు. జర్మను శాస్త్రజ్ఞుడు సాక్స్ 1860 దశకముననే పొగాకు, గుమ్మడి మొక్కల వేళ్లను మాత్రము చల్లబరచి చూచెను. పైన గాలి వెచ్చగా నున్నను, క్రింద నీరు కావలసినంత యున్నను ఆకులు వాలిపోయినవి. చల్లబడిన వేరు నీటిని పీల్చలేదు. మన యిండ్లలో జరుగునదియు అదే. రాత్రి కుండీ చల్లబడును. తొమ్మిది గంటలకు ఎండ చురుక్కుమనును. ఆకు నీరడుగును, వేరు ఇయ్యలేదు. చూచినవారు దాహమనుకొని చెంబెడు చన్నీళ్లు పోయుదురు. వేరు మరింత చల్లబడి, నానిన మట్టిలో కుళ్లును. ఈ పాపము నేనును చేసితిని. పాలమూరులో అద్దె యింట నున్నప్పుడు కోస్తా నుండి తెచ్చుకొన్న ఆరు క్రోటన్లను ప్రతి సాయంకాలము తడిపి తడిపి నాలుగింటిని చంపుకొంటిని. చలి చంపినదని చాల యేండ్లు చెప్పుకొంటిని కూడ.

మట్టి కుండీతో మరియొక చిక్కున్నది. వేసవిలో కూజా నీటిని చల్లబరచు విద్యనే చలికాలమున కుండీ వేళ్ల మీద చూపును. గోడలో చెమర్చిన తేమ ఆవిరియగుచు వేడిని తీసికొనిపోవును. మన చలికాలపు గాలి పొడిది గనుక ఈ పని చురుకుగా సాగును. అందుచేత ఉదయము పది దాటిన తరువాతనే, అదియు వ్రేలు రెండు కణుపుల లోతు గ్రుచ్చినప్పుడు మట్టి పొడిగా తగిలిననే నీరు పోయవలెను. రాత్రి ఆరుబయట తొట్టిలో నిలిచిన నీరు తగదు. అప్పుడే తోడిన బావినీరు వెచ్చగా నుండును.

ఇక ఆకాశము. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకు తన వేడిని పైకి వెదజల్లి, చుట్టునున్న గాలికంటె గూడ చల్లబడును. చూరు క్రిందికో వేపచెట్టు క్రిందికో నాలుగడుగులు జరిపినచో ఈ నష్టము చాలవరకు తప్పును. కుండీని బండపరుపు మీద నేరుగా పెట్టక పీట మీద పెట్టి, దగ్గరదగ్గరగా చేర్చి, నడుమ ఊకగాని ఎండుటాకుగాని నింపవలెను. కప్పుటకు పాత నూలుచీరయో గోనెపట్టాయో చాలును. పుల్లలు నాటి, ఆకులకు తగులకుండ కప్పి, ప్రొద్దెక్కగానే తీయవలెను. నల్లగొండ రైతునకు ఇది క్రొత్త కాదు. యాసంగి వరినారు డిసెంబరు చలికి ఎదుగక పసుపుబారినప్పుడు, నారుమడిపై రాత్రి పట్టా కప్పి ఉదయము తీయుట, చల్లబడిన నీటిని వదలి క్రొత్త నీరు పెట్టుట అతడు చేయుచున్న పనులే. వరియు ఉష్ణదేశపు మొక్కయే గదా.

తులసికి ఈ కష్టములన్నియు ఒక్కమారే కలిసివచ్చినవి. కోట నడిముంగిట ఆకాశమునకు తెరచియుండును. తెల్లవారుజామున తలస్నానము చేసి చన్నీళ్లు పోయుట ఆచారము. పైగా కార్తికమున పూజలందుకొని, వెన్నులు వేసి, గింజ కట్టి అలసిన మొక్క అది. ఆచారము మానవలసిన పని లేదు. వేకువను ఉద్ధరిణెడు నీరు విడిచి, మిగిలినది పది గంటల తరువాత పోయవచ్చును. వెన్నులను పూజకు కోయవచ్చును. రాత్రి పలుచని గుడ్డ కప్పవచ్చును. ఆకులన్నియు రాలినను దిగులుపడక కాండమును గోటితో గీరి చూడుడు. లోన పచ్చదనమున్నచో మొక్క బ్రదికియే యున్నది. ఎండిన కొనలను శివరాత్రికి ముందు కత్తిరింపవలదు, ఎరువు వేయవలదు.

రంగుటాకుల కలేడియము మాట వేరు. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ దుంపమొక్క చలికాలమున ఆకులు వాల్చి నిద్రించును. చచ్చినదనుకొని కుండీని దిబ్బమీద కుమ్మరించినవారిని నేనెరుగుదును. దుంపలను తీసి పొడి యిసుకలో దాచి, ఉగాది దాటిన పిమ్మట నాటినచో చిగుర్చును.