పాసు కొన్నవాళ్లే కొండ కొన్నారు

వసంత పంచమి నాడు సిద్దిపేట జిల్లా వర్గల్‌లో గుట్ట మీదికి జనం బారులు తీరుతారు. పసిపిల్లల్ని చంకనేసుకుని, పలకా బలపం చేతపట్టుకుని, విద్యా సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గుట్ట మీద రద్దీ ఉంటేనే కింద కొబ్బరికాయలు అమ్మేవాళ్లకూ, టీ కొట్టువాళ్లకూ, ఆటోవాళ్లకూ బేరం. అమెరికా ఈశాన్య మూలన వెర్మాంట్ రాష్ట్రంలో కిల్లింగ్టన్ అనే ఊరిది కూడా ఇదే బతుకు. అక్కడ కొండ మీద దేవుడు లేడు, మంచు ఉంది. అంతే తేడా.

ఊరి జనాభా 1,400 చిల్లర. చలికాలం వస్తే మాత్రం బోస్టన్, న్యూయార్క్ నుంచి కార్లు వరస కడతాయి. కొండకు వెళ్లే రోడ్డుకు రెండువైపులా లాడ్జీలు, హోటళ్లు, స్కీలు అద్దెకిచ్చే దుకాణాలు. అందరి ఆదాయమూ కొండ మీదే. ఆ కొండను నడిపే స్కీ రిసార్టు 2024 ఆగస్టులో చేతులు మారింది. పదిహేడేళ్లుగా నడుపుతున్న పౌడర్ అనే కంపెనీ దాన్ని స్థానిక పెట్టుబడిదారుల బృందానికి అమ్మింది. బృందానికి ముందు నిలిచినవాళ్లు ఫిల్ గ్రాస్, మైకేల్ ఫెర్రీ. ఇద్దరికీ అక్కడ ఇళ్లున్నాయి. ఏళ్ల తరబడి సీజన్ పాసు కొనుక్కుని, అందరిలాగే వరసలో నిలబడి లిఫ్టు ఎక్కినవాళ్లు.

స్కీ రిసార్టు అంటే హోటలు అనుకోకూడదు. కిందికి జారడానికి చెట్లు కొట్టి తీర్చిన దారులు, మనుషుల్ని పైకి మోసే కుర్చీ లిఫ్టులు, మంచు పడనప్పుడు మంచు తయారుచేసే యంత్రాలు... అసలు ఆస్తి ఇది. గుల్‌మార్గ్‌లో గొండోలా ఎక్కినవారికి కొంత తెలుస్తుంది. అది జమ్మూ కశ్మీర్ ప్రభుత్వ సంస్థది. లాభనష్టాలు సర్కారు చూసుకుంటుంది. అమెరికాలో ఆ బరువంతా యజమానిదే.

ఆ యంత్రాల సంగతి కాస్త చెప్పుకోవాలి. నవంబరు రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి దిగగానే పైపుల్లో నీళ్లు, ఒత్తిడి గాలి కలిసి దూసుకొస్తాయి. గొట్టం మూతి నుంచి ఎగసిన తుంపర నేలను తాకేలోపు గడ్డకట్టి మంచుపొడిగా రాలుతుంది. తెల్లారేసరికి వాలు మీద తెల్లటి దిబ్బలు పేరుకుంటాయి. వాటిని ట్రాక్టర్ల వంటి బండ్లతో చదును చేస్తారు. కరెంటు ఖర్చు, నీళ్ల ఖర్చు, రాత్రి కూలి... అంతా చేశాక మర్నాడు వాన పడితే? మళ్లీ మొదటికి. మన మిర్చి రైతు కల్లంలో కాయ ఆరబోసి మబ్బువైపు చూసినట్టే ఉంటుంది వీళ్ల పని.

కిల్లింగ్టన్ 1958 డిసెంబరులో తెరిచారు. ప్రెస్టన్ స్మిత్ అనే యువకుడు చిన్నచిన్న వాటాలు అమ్మి డబ్బు కూడగట్టాడు. మొదట్లో టిక్కెట్లు అమ్మింది పాత కోళ్ల గూడును మార్చి కట్టిన గదిలోనట. అక్కడి నుంచి పెరిగి అమెరికా తూర్పు భాగంలోకెల్లా పెద్ద స్కీ కేంద్రమైంది. పై నుంచి కిందికి 3,050 అడుగుల దిగుడు. 1996లో అది అమెరికన్ స్కీయింగ్ కంపెనీ చేతికి వెళ్లింది. ఆ కంపెనీ వరసగా కొండలు కొని అప్పుల్లో మునిగింది. 2007లో పౌడర్ వచ్చింది. స్మిత్ కాలంలో డబ్బు పెట్టినవారికి ఇచ్చిన జీవితకాల పాసులు ఇక చెల్లవని తేల్చింది. గొడవ కోర్టుకెక్కింది. కొత్త యజమానికి పాత మాటతో పనిలేదని ఊరు తెలుసుకున్నది అప్పుడే.

పౌడర్‌ను పూర్తిగా దుష్టపాత్ర చేయడం న్యాయం కాదు. 2016 నుంచి మహిళల ప్రపంచ కప్ స్కీ పోటీలు కిల్లింగ్టన్‌కు వచ్చాయంటే ఆ కంపెనీ హయాంలోనే. అయితే యూటా రాష్ట్రంలో దీని కథ మరొకటి ఉంది. పార్క్ సిటీ అనే కొండను పౌడర్ చవకగా లీజుకు తీసుకుని నడిపేది. 2011లో లీజు పొడిగించమనే కాగితం గడువు దాటి కొద్ది రోజులకు అందింది. కాగితం ఆలస్యానికి కొండ పోయింది. మూడేళ్ల కోర్టు గొడవ తర్వాత 2014లో తనకున్న ఆస్తులను 18.25 కోట్ల డాలర్లకు వెయిల్ రిసార్ట్స్‌కు అమ్ముకుని తప్పుకుంది.

ఈ వెయిల్ పేరు గుర్తుపెట్టుకోవాలి. 2008లో ఎపిక్ పాస్ తెచ్చింది. ఒక్క పాసు కొంటే కంపెనీ కొండలన్నిటా తిరగొచ్చు. సీజనుకు ముందే అమ్ముడవుతుంది కాబట్టి మంచు పడినా పడకపోయినా డబ్బు కంపెనీ దగ్గరే. పాసు లేకుండా వచ్చినవాడికి పెద్ద కొండల మీద ఒక్క రోజు టిక్కెట్టు 300 డాలర్లు దాటింది. 2018లో పోటీగా ఐకాన్ పాస్ వచ్చింది. చిన్న యజమానులు వీటి మధ్య నలిగిపోయారు. 2024 డిసెంబరు చివర్లో వెయిల్ నడిపే పార్క్ సిటీలో సుమారు 200 మంది గస్తీ సిబ్బంది గంటకు 2 డాలర్ల పెంపు అడుగుతూ సమ్మెకు దిగితే, పండగ సెలవుల్లో వచ్చినవాళ్లు గంటల తరబడి లిఫ్టు వరసల్లో నిలబడ్డారు. సమ్మె 13 రోజులు సాగింది. కొండ పెద్ద కంపెనీ చేతిలో ఉండకూడదన్న మాటకు అమెరికాలో బలం పెరగడానికి ఇలాంటివే కారణం.

మరి కిల్లింగ్టన్ కొన్న ‘స్థానికులు’ ఎవరు? ఇక్కడ కాస్త కళ్లు తెరిచి చూడాలి. ఫిల్ గ్రాస్ బోస్టన్‌లో అడేజ్ క్యాపిటల్ అనే భారీ పెట్టుబడుల సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరు. టీ కొట్టు నడిపేవాడో, లిఫ్టు తిప్పేవాడో చందాలు వేసుకుని కొన్న కొండ కాదిది. రిసార్టు ఐకాన్ పాసులోనే కొనసాగింది. పాత అధ్యక్షుడు మైక్ సోలిమానోనే కుర్చీలో కొనసాగారు. మారింది నిర్ణయం జరిగే చోటు. కొండ మీద ఏ లిఫ్టు పాతబడిందో రోజూ ఎక్కేవాడికి తెలుస్తుంది. వేల మైళ్ల దూరాన ఉన్న ఆఫీసులో ఆ లిఫ్టు ఒక పద్దు మాత్రమే.

చందాలు వేసుకుని కొన్న కొండ కూడా వెర్మాంట్‌లోనే ఉంది. మ్యాడ్ రివర్ గ్లెన్ అనే చిన్న కేంద్రాన్ని దాని యజమానురాలు బెట్సీ ప్రాట్ 1995లో అక్కడ స్కీ చేసేవాళ్ల సహకార సంఘానికి అమ్మింది. ఒక్కొక్కరు 1,500 డాలర్లు పెట్టి వాటా కొన్నారు. ఒకరికి నాలుగుకు మించి వాటాలు ఇవ్వరు. అందుకే దాన్ని ఏ పెద్ద కంపెనీ మింగలేకపోయింది. సభ్యులకూ మొండిపట్టు ఎక్కువే. పాత ఒంటి కుర్చీ లిఫ్టు శిథిలమైతే కొత్త రకం కొనకుండా, చందాలు పోగుచేసి 2007లో అదే నమూనాలో తిరిగి కట్టుకున్నారు. మన ముల్కనూర్ తెలిసినవారికి ఇది వింతగా తోచదు. సిద్దిపేట జిల్లా హుస్నాబాద్‌కు దగ్గర్లో 1956లో పుట్టిన ఆ సహకార సంఘం ఇప్పటికీ రైతుల చేతిలోనే ఉంది.

అదే వెర్మాంట్‌లో బర్క్ మౌంటెన్ గతి వేరు. అమెరికా గ్రీన్‌కార్డు ఆశపడే తెలుగు కుటుంబాలకు ఈబీ-5 వీసా పేరు కొత్త కాదు. ఒక్కొక్కరు 5 లక్షల డాలర్ల చొప్పున విదేశీయులు పెట్టిన ఆ వీసా డబ్బుతో జే పీక్, బర్క్ కొండల మీద హోటళ్లు లేచాయి. 2016లో మోసం బయటపడింది. యజమాని ఏరియల్ కిరోస్ జైలుకు వెళ్లాడు. కోర్టు నియమించిన రిసీవర్ అధీనంలో తొమ్మిదేళ్లు నలిగిన బర్క్‌ను 2025లో బేర్ డెన్ పార్ట్‌నర్స్ కొంది. అందులో స్కీ వ్యాపారం తెలిసిన కుటుంబాలతో పాటు అక్కడే పిల్లలకు స్కీ నేర్పే బర్క్ మౌంటెన్ అకాడమీ కూడా ఉంది. ధర 1.15 కోట్ల డాలర్లు.

ఊరికి అప్పగిస్తామంటే చాలదని మనకు నిజాం షుగర్స్ చెప్పింది. 2002లో ఆ ప్రభుత్వ చక్కెర కంపెనీలో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. బోధన్, మెట్‌పల్లి, మెదక్ దగ్గరి మంబోజిపల్లి యూనిట్లు 2015 డిసెంబరులో మూతపడ్డాయి. మహారాష్ట్రలోలాగా చెరకు రైతులే సహకార సంఘంగా ఏర్పడి నడుపుకోవాలని అప్పట్లో ప్రభుత్వం అంది. రైతులు ముందుకు రాలేదు. వాళ్లను తప్పుపట్టలేం. అప్పులున్న ఫ్యాక్టరీని తలకెత్తుకోవడానికి వెనక నిండు గల్లా ఉండాలి. ఫిల్ గ్రాస్ దగ్గర అది ఉంది. బోధన్ రైతు దగ్గర లేదు.

కిల్లింగ్టన్ కొత్త యజమానులు 3 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేస్తామని ప్రకటించారు. వెయ్యి కొత్త మంచు యంత్రాలు, సూపర్‌స్టార్ అనే పేరున్న వాలు మీద పాత లిఫ్టు స్థానంలో ఆరుగురు కూర్చునే లిఫ్టు అందులో ఉన్నాయి. ఆ లిఫ్టు పని కోసం 2025 నవంబరు నాటి ప్రపంచ కప్ పోటీలను వదులుకున్నారు. పోటీలు కొలరాడోలోని కాపర్ మౌంటెన్‌కు వెళ్లాయి. ఆ కొండ యజమాని పౌడర్ కంపెనీయే.