ఒకే ప్రయాణం, 24 బొమ్మలు

బాలలూ! హేరోదు రాజు పసివాళ్ళను చంపిస్తాడని తెలిసి, యోసేపు, మరియ పసిబిడ్డ ఏసుతో ఈజిప్టుకు పారిపోయిన కథ మీలో కొందరు వినే ఉంటారు. 1753లో వెనిస్ చిత్రకారుడు డొమెనికో టియెపోలో ఆ ప్రయాణాన్ని 24 బొమ్మలుగా అచ్చువేశాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు దాటాయంతే. తండ్రి జాంబట్టిస్తా గొప్ప పేరున్న చిత్రకారుడు. అటువంటి తండ్రి కొడుకు సొంత ఊహ చూపించుకోవడం తేలిక గాదు!

రాగిరేకుకు మైనం పూసి, సూదితో బొమ్మ గీస్తారు. ఆమ్లంలో ముంచితే సూది తాకినచోటనే రాగి కరిగి గాడి పడుతుంది. అందులో సిరా నింపి కాగితంమీద ఒత్తుతారు. (గుగ్గిలం పొడితో బూడిదరంగు నీడలు తెచ్చే ఆక్వాటింట్ పద్ధతి తరువాత ప్రచారంలోకి వచ్చింది. డొమెనికో నీడలన్నీ సన్నని గీతలే.)

ఈ బొమ్మల్లో హేరోదు సైనికుల వీరంగం చూడబోకండి. గాడిద, దారి, పడవ, తల్లి ఒడిలో బిడ్డ. కొన్నింటిలో ఆ కుటుంబం మనకు వీపు చూపి నడిచిపోతూంటుంది. నాకు అవే ఎక్కువ నచ్చాయి.